దయ్యపు కథలును స్థల చరిత్ర బోధనయు

రెండేండ్ల క్రిందట నేను ఎనిమిదవ తరగతికి ఐరోపా వర్తక సంఘములు మన తీరమునకు వచ్చిన వృత్తాంతమును బోధించుచుంటిని. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను బందరున వర్తకము మొదలిడిరని నల్లబల్లపై వ్రాసితిని. పిల్లలు వ్రాసికొనిరి. గంట కొట్టుటకు పది నిమిషము లుండగా వెనుకబల్ల బాలుడొకడు లేచి, "మాస్టారూ, వలందా గోరీల్లో అర్ధరాత్రి దొర దయ్యం తిరుగుతుందటండీ. ఆ దొర ఎవరండీ?" అని యడిగెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. నేను ముఖము చిట్లించుకొని, "ఇది క్రైస్తవ పాఠశాల. ఇచ్చట దయ్యముల ప్రసంగము తగదు. కూర్చుండుము" అంటిని. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు వాడు మఱి యేమియు నడుగలేదు.

ఆ దినము నాకు తోచలేదు గాని, కొన్నాళ్లకు జవాబు పత్రములు దిద్దుచుండగా తోచినది. ఆ గంటలో మా యూరిని గూర్చి పుట్టిన ప్రశ్న యదియొక్కటే. "ఆ దొర ఎవరు?" అనుట చరిత్రకారుడు అడుగవలసిన మొదటి మాట. దానిని చరిత్రోపాధ్యాయుడనైన నేనే నోరు మూయించితిని.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన సూత్రము, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెననునది. పాఠ్య ప్రణాళికల తలకట్టున దానిని ఎన్నిమారులు వ్రాసితినో లెక్కలేదు. ఆ బాలునకు డచ్చివారు తెలియరు, దయ్యము తెలియును. కావున దయ్యమునుండి డచ్చివారి యొద్దకు పోవుట సూత్రానుసారమైన మార్గమే. నేను మాత్రము వానికి తెలిసినదానిని తలుపు వెలుపల నిలిపి, తెలియనిదానిని నల్లబల్లపై వ్రాసితిని. ఇట్లు చేయువాడను నేనొక్కడనే కాననియు, మన పాఠశాలలలో స్థల చరిత్ర యింత నిర్జీవముగా నుండుటకు ఇది యొక ముఖ్యకారణమనియు నా యభిప్రాయము.

నేను చెప్పదలచినది ఇది. ఒక యూరి చరిత్రను ఆ యూరివారు చెప్పుకొను కథలతో, అందును దయ్యపు కథలతో, మొదలుపెట్టి బోధింపవచ్చును; బోధింపవలెను. వానిని నమ్ముమని చెప్పుటకు గాదు, వినోదార్థమును గాదు. న్యాయస్థానమున సాక్షిని విచారించినట్లు విచారించుటకు. సాక్షి తప్పు చెప్పవచ్చును, మఱచిపోవచ్చును, పెంచి చెప్పవచ్చును. అంతమాత్రముచేత సాక్షిని బోనెక్కనీయకుండుట విచారణ యనిపించుకొనదు.

బందరు ఇందుకు తగిన పట్టణము. ఇచ్చటి పేటల పేర్లే సగము చరిత్ర చెప్పును. హాలండువారు మన పెద్దల నోట వలందా లైరి; వారుండిన చోటు వలందపాలెము. ఫ్రెంచివారు పరాసులైరి, వారిది పరాసుపేట. ఇంగ్లీషుపాలెమునకు వ్యాఖ్యానము వలదు. పరాసుపేటలో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ పేరు ఎవరిదో తెలియకపోవుట నేను చూచితిని. అయినను వలందా గోరీలలో తిరుగు దొర సంగతి మాత్రము అందఱకును తెలియును. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో ఇచ్చట చనిపోయిన డచ్చివారి సమాధులు, వారి వంశచిహ్నములు చెక్కిన పెద్ద రాతిపలకలతో, నేటికిని పురావస్తుశాఖవారి సంరక్షణలో నున్నవి. పలకలపై డచ్చిభాషలో పేర్లును తేదులును ఉన్నవి. మన నేతగాండ్రు నేసిన బట్టలు, అద్దకపు పనివారు అద్దిన బట్టలు కొని ఓడలకెత్తుటకు వచ్చి, తిరిగి పోలేక ఇచ్చటనే మట్టిలో కలిసినవారు వారు. దయ్యమును చూడగోరి వచ్చిన బాలుడు ఆ పలకయెదుట నిలుచుండి తేది చదివినప్పుడు, 1605 అను అంకె నల్లబల్లనుండి దిగివచ్చి వాని కాళ్లయెదుట నిలుచును.

ఇక ఆరబెల్లా కథ. బందరువారికి దీనిని క్రొత్తగా చెప్పనక్కరలేదు గాని, పై యూళ్లనుండి వచ్చి మన వసతిగృహమున నుండు పిల్లలకొఱకు చెప్పెదను. మేజర్ జనరల్ జాన్ పేటర్ అను సేనాని ఆరబెల్లా రాబిన్సన్ అను యువతిని ప్రేమించెను. ఆమె 1809లో మరణించెను. ఆమెను శ్మశానమున పూడ్చుటకు పాదిరిగారు ఒప్పుకొనలేదనియు, పేటరు పట్టుదలతో వేఱు స్థలము కొని యామెను అచ్చట నుంచి, పైన దేవాలయము కట్టించెననియు చెప్పుదురు. పాదిరిగారు ఒప్పుకొనకపోవుటకు కారణము ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. శవము చెడకుండ మందులు పూసి గాజుపెట్టెలో నుంచిరనియు, తాళము త్రిప్పగా నామె పైకి లేచెడిదనియు కథ ఇంకను పెరుగును. ఆ దేవాలయము సెయింట్ మేరీస్ చర్చి, ఇప్పటికిని ఉన్నది. పేటరు, ఆరబెల్లా, 1809, దేవాలయము, ఈ నాలుగును గట్టివి. గాజుపెట్టెయు తాళమును కథ. ఏది రాయి, ఏది గాలి యని విడదీయుట పిల్లలకు ఎంత యిష్టమైన పనియో చేయించి చూచినవారికి గాని తెలియదు. మా తరగతిలో నొక బాలిక ఇంటింట ఆ కథను ఐదుగురిచేత చెప్పించుకొని, ఐదును పోల్చి, "తాళం సంగతి ముగ్గురే చెప్పారండి, చర్చి సంగతి అందరూ చెప్పారు" అని తెచ్చినది. ఆధారములను పోల్చుటయన నేమో నేను ఏండ్ల తరబడి నిర్వచనము చెప్పితినేగాని, ఇంత చక్కగా ఎన్నడును చెప్పలేకపోతిని.

అయితే ఆ కథను చెప్పుచుండగా నాకొక సంగతి మనసున గ్రుచ్చుకొనెను. ఒక దొరసాని మరణమునకు దేవాలయ మున్నది, శిలాఫలక మున్నది, రెండువందల యేండ్లుగా చెప్పుకొను కథ యున్నది. అదే యూరిలో 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రము పదమూడడుగులు పొంగి, కొన్నిచోట్ల పదునేడు మైళ్లు లోపలికి చొచ్చి, ముప్పదివేలమందిని మ్రింగెను. గార్డన్ మెకంజీ దొర 1883లో ప్రకటించిన కృష్ణామండల గ్రంథమున ఆ యుప్పెన వృత్తాంతము కలదు. మన మిషనువారి బాలికలును అందు మునిగిరి. ఆ ముప్పదివేలమందిలో ఎందఱకు సమాధిఫలకము లున్నవి? వారి పేర్లెక్కడ? పుస్తకమున అంకె యున్నది, అంతే.

ఈ ప్రశ్నకు నాకు సమాధానము తెచ్చినది నేను నోరు మూయించిన బాలుడే. తొమ్మిదవ తరగతికి వచ్చిన పిదప, నేనే వానిని పిలిచి, వలందా దొర కథను వ్రాసి తెమ్మంటిని. వాడు నన్ను కొంతసేపు అనుమానముగా చూచి, "నిజంగానా అండీ?" అని, మరునాడు రెండు కాగితములు తెచ్చెను. ఒకదానిలో దొర కథ. రెండవదానిలో నేనడుగని కథ. వాని నాయనమ్మ సముద్రపు దిక్కున నున్న యొక దిబ్బను ప్రొద్దుక్రుంకిన తరువాత దాటదట. అచ్చట చీకటి రాత్రులలో పిల్లల యేడ్పులు, తల్లులు పేర్లు పెట్టి పిలుచుట వినబడునట. ఆమెకు ఆమె నాయనమ్మ చెప్పినదట. ఎప్పటి మాటయని వాడడుగగా ఆమె, "రక్తాక్షి ఉప్పెనలో పోయినవాళ్లురా, అందరినీ ఒక్క గోతిలో పెట్టారు" అన్నదట.

రక్తాక్షి! నేను తొందరపడి వ్రేళ్లపై లెక్కించి, రక్తాక్షి యనగా 1924 అని, ఆ సంవత్సరమున అంతటి యుప్పెన బందరునకు వచ్చినట్లు నేను చదివి యుండలేదు గనుక, ముసలమ్మ సంవత్సరమును తప్పు చెప్పినదని తరగతిలో ప్రకటించితిని. పల్లెటూరివారికి కాలజ్ఞానము తక్కువయని నాలుగు మాటలు కూడ చేర్చితిని. వాడు మాటాడలేదు. ముందుబల్లనుండి ఒక బాలిక లేచి, "మాస్టారూ, అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కదండీ. ఇంకో అరవై వెనక్కి పోతే?" అన్నది. 1924నుండి అరువది తీసివేయగా 1864. ముసలమ్మ ఒక్క సంవత్సరమును తప్పలేదు. తప్పినవాడను నేను. ఆ మాట తరగతిలోనే యొప్పుకొంటిని. ఒప్పుకొనుట సులభము కాలేదని ఇచ్చట వ్రాసినచో చదువరులు నన్ను క్షమింతురు గాక.

దీనినుండి మా తరగతికొక పరికరము దొరకినది. మన పెద్దలు క్రీస్తుశకపు లెక్క చెప్పరు; నందన యందురు, రక్తాక్షి యందురు. ప్రభవ 1867, 1927, 1987లలో వచ్చినదని జ్ఞాపకముంచుకొన్నచో మిగిలిన పేర్లు వాని వెంట లెక్కకు వచ్చును. గుంటూరు సీమను పాడుచేసిన 1832, 33 సంవత్సరముల కరువును నందన కరువని యేల యందురో పిల్లలు తామే కనుగొనిరి. పేరు అరువదియేండ్లకు మరల వచ్చుట చిక్కే. ఆ చిక్కును విప్పుటకు వేఱొక ఆధారము కావలెను. అదియే పాఠము.

ఆ నాయనమ్మ చెప్పిన మాట మఱియొకటి యున్నది: అమావాస్య దాపున సముద్రపు ఒడ్డు మంచిది కాదని. దీనిని నేను నవ్వి త్రోసివేయుటకు సిద్ధపడియుండగా భూగోళము బోధించు మా సహోపాధ్యాయుడు ఆపెను. అమావాస్య పౌర్ణములకు ఒకటి రెండు దినముల తరువాత పోటు హెచ్చుగా నుండును. 1864 అక్టోబరు 30వ తేది అమావాస్య. ఉప్పెన వచ్చినది నవంబరు 1. అనగా దీపావళి వెళ్లిన రెండవ దినము. గాలివాన త్రోసిన నీటికి పెద్దపోటు తోడైనది. ముసలమ్మ దయ్యమునకు భయపడినను, ఆమె పెద్దలు నీటికే భయపడిరని మాకు తోచినది. అంతట పిల్లలు ఉత్సాహమున అమావాస్యయే ఉప్పెనలకు కారణమని తేల్చివేసిరి. అప్పుడు 1977 నవంబరు 19వ తేదీని చూడుమంటిని. ఆనాడు దివిసీమను ముంచి పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న యుప్పెన శుక్లపక్షపు నడుమ, పోటు తక్కువగా నుండు దినములలో వచ్చినది. పంచాంగము తీసి చూచి పిల్లలు చల్లబడిరి. ఒకడు మాత్రము, "అయితే నాయనమ్మ మాట నమ్మి అమావాస్యకు మాత్రమే జాగ్రత్తపడితే మునిగిపోతామన్నమాట" అనెను. వాడు కథను అవమానించలేదు. దాని మేర తెలిసికొనెను.

ఇక ఆక్షేపణలు. పరీక్షలో ఇవి రావుగదా యనువారికి, రావని యొప్పుకొని ముందునకు సాగెదను. పిల్లలు జడియుదురనువారితో కొంత యేకీభవింతును. చిన్న తరగతులలో ఈ పని తగదు. పెద్ద తరగతులలో మాత్రము, పగటివేళ పదిమంది నడుమ కాగితముపై వ్రాయబడిన దయ్యము చాల చిన్నదైపోవుట చూచితిని. రాత్రి దుప్పటిలో నున్నప్పుడే దానికి బలము.

మతసంబంధమైన ఆక్షేపణ గట్టిది. నేనే దానిని మొదట పలికితిని గనుక దాని బలము నాకు తెలియును. కర్ణపిశాచముగలవారి యొద్దకు పోరాదని లేఖనము స్పష్టముగా నిషేధించుచున్నది. సౌలు ఏన్దోరునకు పోయి యేమి బావుకొనెనో మనమెఱుగుదుము. అయితే నిషేధింపబడినది మృతుల నడిగి భవిష్యత్తు తెలిసికొనుట. మృతులను జ్ఞాపకము చేసికొనుట కాదు. సౌలు కథనే గ్రంథమునుండి ఎవరును తీసివేయలేదు. సముద్రముపై నడచి వచ్చు ప్రభువును చూచి శిష్యులు భూతమని కేకలు వేసిరని సువార్తికుడు సిగ్గుపడక వ్రాసెను. ప్రభువు వారిని ధైర్యము తెచ్చుకొనుమనెనే గాని, భూతమను మాట యెత్తినందుకు దండింపలేదు. యొర్దానునుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలున నిలిపినప్పుడు, ముందు తరముల పిల్లలు ఈ రాళ్లేమని యడుగుదురనియు, అప్పుడు చెప్పవలెననియు యెహోషువ యాజ్ఞాపించెను. పిల్లలు అడుగుదురని ఎదురుచూచుట అచ్చటి యేర్పాటు. మా బాలుడు గోరీలను గూర్చి యడిగినప్పుడు కూర్చుండుమంటిని. హేబెలు రక్తము నేలనుండి మొఱపెట్టెనను మాటను మేము ఆదివారపు బడిలో బోధింతుము. దిబ్బనుండి తల్లుల పిలుపులు వినబడుచున్నవని చెప్పు ముసలమ్మకు మాత్రము అజ్ఞానమని పేరుపెట్టుదుము. ఈ రెండును ఒక్కటేయని నేననను. కాని, పాతిపెట్టబడినవారు పాతిపెట్టబడినట్లే మఱవబడరాదను వేదన రెండింటను ఉన్నది.

నన్ను నిజముగా భయపెట్టిన ఆక్షేపణ వేఱొకటి. దానిని ఎవరును నాకు చెప్పలేదు, తరగతిలోనే యెదురైనది. కథలు వ్రాసి తెచ్చు వారములలో ఒకనాడు ఒక బాలిక తన వీధిలోని చింతచెట్టు కథ చదువుచు, ఆ చెట్టుక్రింది ఇంటిలో నొంటరిగా నుండు ముసలామె రాత్రులందు దయ్యములతో మాటలాడునని, ఆమె చూచిన పసిబిడ్డ జబ్బుపడెనని చదివెను. పిల్లలు ఊపిరి బిగబట్టి వినుచుండిరి. నేను చదువు ఆపించితిని. ఆ ముసలామె బ్రతికియున్నది. ఆమెకు దిక్కు లేదు. చేతబడి చేసినదను నెపమున మన తెలుగునాట ఎందఱిని కొట్టిరో, పండ్లూడగొట్టిరో, చంపిరో వార్తాపత్రికలు చదువువారికి తెలియును. అట్టివారిలో దిక్కులేనివారే హెచ్చు. ఈ కథ చరిత్ర కాదు, నేరారోపణ. దానిని మా నోటుపుస్తకమున కెక్కించినచో పాఠశాల ముద్ర వేసినవారమగుదుము.

ఆనాటినుండి మాకొక కట్టుబాటు: బ్రతికియున్నవారిని గూర్చిన దయ్యపు కథ తరగతిలో చెప్పరాదు. చనిపోయినవారి కథలలోను, ఎవరిపై నింద వేయబడుచున్నదో, ఆ నిందవలన ఎవరికి లాభమో యడుగవలెను. మన దయ్యములలో స్త్రీలే యేల హెచ్చు? బాలింతలు, నూతిలో పడినవారు, అత్తింట అన్యాయముగా చచ్చినవారు. ఒక్కొక్క కథను విప్పగా నొక యాడుకూతురు బ్రతుకు బయటపడును. ఊరు ఆమెకు బ్రతికియుండగా న్యాయము చేయక, చచ్చిన తరువాత జడియుట మొదలుపెట్టును. కొన్నిచోట్ల జడుపు భక్తియగును. పెనుగంచిప్రోలు తిరుపతమ్మను పేరంటాలని కొలుచుటకు వేలమంది పోవుదురు. ఇచ్చట ఆరాధనను గూర్చి మన విశ్వాసము మనకున్నది. అయినను పేరంటాలను మాట వెనుక తెలుగు కుటుంబముల చరిత్ర యెంత యున్నదో మన పిల్లలు తెలిసికొనుటలో దోషము లేదు.

ఆ చింతచెట్టు బాలికను నేను మందలింపలేదు. ఆమె తాను విన్నదే వ్రాసినది. సెలవులలో ఆ ముసలామె యొద్దకు పోయి, ఆ వీధి పూర్వము ఎట్లుండెడిదో అడిగి రమ్మంటిని. ఆమె తల్లి మొదట ఒప్పుకొనలేదు. తరువాత తానును వెంట పోయినది. ముసలామె రాత్రులందు మాటలాడునది నిజమే. చనిపోయిన భర్తతో మాటలాడునట. ఆ వీధి చివర పూర్వము అద్దకపు పనివారి ఇండ్లు వరుసగా నుండెడివని, కాలువనీటిలో బట్టలు ఉతికి గట్టుపై ఆరవేయువారని ఆమె చెప్పినది. ఆ పుటయే ఇప్పుడు మా నోటుపుస్తకమున నున్నది.

ఇట్లు ఊరివారి నోటినుండి చరిత్రను వ్రాసికొనుట క్రొత్త వెఱ్ఱి యని తలచువారికి ఒక్కమాట. ఇంతకుముందు పేర్కొన్న మెకంజీ వేఱు. అంతకు ఎనుబదియేండ్ల ముందే కల్నల్ కాలిన్ మెకంజీ యను మఱియొక దొర యుండెను. ఆయన కొలువున కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు పనిచేసిరి. వారును వారి తోడివారును ఊరూర కరణములను, పెద్దలను అడిగి వ్రాయించిన కైఫియతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. అందు శాసనము ప్రక్కనే పురాణము, పన్నుల లెక్క ప్రక్కనే అద్భుతము ఉండును. చరిత్రకారులు ఆ అద్భుతములున్నవని కైఫియతులను పారవేయలేదు, జల్లించుకొనిరి. బొఱ్ఱయ్య 1803లోనే చనిపోయెను. ఆయనవంటివారి పేర్లు మన బడిపుస్తకములలో లేకుండుట నాకు చాలకాలముగా కష్టముగానున్నది; సందర్భము వచ్చినది గనుక చెప్పితిని.

పల్నాటి సంగతియు అట్టిదే. కారెంపూడిలో నాగులేటి యొడ్డున, యుద్ధమున పడిన వీరులకు ఏటేట కార్తికమాసపు అమావాస్యకు ఉత్సవము జరుగును. అన్ని కులములవారును కలిసి భుజించిన చాపకూడును అచ్చట జ్ఞాపకము చేసికొందురు. చచ్చినవారిని పిలుచుటయే ఆ పండుగ యని కొట్టివేసినచో, బ్రహ్మనాయుని పంక్తిలో కన్నమదాసు కూర్చుండిన వార్త కూడ దానితోబాటు పోవును. అది పోగొట్టుకొనదగిన వార్త కాదని మన సంఘముల చరిత్ర నెఱిగినవారికి వేఱుగ చెప్పవలయునా?

మా నోటుపుస్తకము ఇప్పటికి మూడు సంపుటములైనది. మూడవదాని చివర "రక్తాక్షి ఉప్పెన" అను శీర్షికక్రింద కొన్ని పుటలు వదలియుంచితిమి. ఆ యుప్పెనలో పోయినవారి పేర్లు ఏ కుటుంబమువారైనను తరతరములుగా చెప్పుకొనుచున్నచో వ్రాయుటకు అవి. ఇప్పటివరకు పదునొకండు పేర్లు వచ్చినవి. అందు నాలుగు బిడ్డల పేర్లు. ఒకటి ఇంటి పేరులేని పేరు. దిబ్బయొద్దకు మేము ఒక శనివారము ప్రొద్దుననే పోయితిమి. సర్కారు తుమ్మలు, ఉప్పునేల, దూరమున రెండు తాటిచెట్లు తప్ప అచ్చట ఏమియు లేదు. దిబ్బక్రింద నిజముగా ఏమున్నదో త్రవ్వి చూచినవారు లేరు గనుక నోటుపుస్తకమున "చెప్పుదురు" అనియే వ్రాసితిమి. బాలుని నాయనమ్మ వచ్చెదనని చెప్పి, చివరకు రాలేదు. పగలైనను ఆమెకు ఇష్టము లేకపోయెను. వాడు మాత్రము దిబ్బ చుట్టును నడచి, అడుగులతో కొలిచి వ్రాసికొనెను.

ఈ సంచికను చదువు పూర్వ విద్యార్థుల యిండ్లలో అట్టి పేరు ఒక్కటియైనను నిలిచియున్నచో పాఠశాల చిరునామాకు వ్రాసి పంప ప్రార్థించుచున్నాను. తెచ్చి చెప్పినను మేలే; పిల్లలే వ్రాసికొందురు.

ఇంకొక సహాయముకూడ కావలెను. ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతిలో నున్నాడు. వలందా గోరీలలోని యొక పలకపై అక్షరములను, రాతిని తాకకుండ, చూచి కాగితముపై దింపుకొని వచ్చినాడు. తేదియు పేరును పోల్చుకొంటిమి గాని మిగిలిన పంక్తులు మాకు తెలియలేదు. మాలో ఎవరికిని డచ్చిభాష రాదు. తెలిసినవారెవరైన నున్నచో తెలుపగోరెదను. వాడు ప్రతి సోమవారమును వచ్చి, "ఆ దొరెవరో తెలిసిందాండీ?" అని యడుగుచున్నాడు.